ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు, మోటారు మార్చమంటున్నారు. నిజంగా మోటారేనా?

#1 రాజాం లెక్కల మాష్టారు

అందరికీ నమస్కారం. కారు 2016 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. హైవే మీద ఎంత దూరం పోయినా ఇబ్బంది లేదు. శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో, ఏడు రోడ్ల కూడలి దగ్గరో ఇరుక్కుంటే మాత్రం డ్యాష్‌బోర్డు మీద ఎర్ర టెంపరేచరు లైటు వచ్చేస్తోంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తి చూస్తే రేడియేటరు వెనక ఫ్యాను కదలకుండా ఉంటుంది. ఒక్కోసారి తిరుగుతుంది గానీ ఆ తిరగడంలో బలం ఉండదు. ఏసీ వేసినా అంతే.

గ్యారేజీలో ముందు టెంపరేచరు సెన్సారు మార్చారు. తేడా లేదు. తర్వాత రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే ఎలక్ట్రిక్ స్విచ్చి) తీసి వేరేది పెట్టారు. ఆ పూట బాగా తిరిగింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు మోటారు పోయిందనీ, ఫ్యాను అసెంబ్లీ మొత్తం మార్చాలనీ అంటున్నారు. వాళ్లు చూపించిన ఆధారం ఇది: ఫ్యాను కప్లరు (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీసి అందులో మల్టీమీటరు పెడితే 12.4 వోల్టులు వచ్చింది. సప్లై వస్తోంది, ఫ్యాను తిరగట్లేదు, కాబట్టి మోటారే అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ రిలే కదిపితే ఒక పూట బాగుపడిన ఫ్యానుకి మోటారు ఎలా పోయిందో నాకు మింగుడు పడటం లేదు. నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటరు ఉంది, వాడటం వచ్చు. ఎక్కడ కొలవాలో ఎవరైనా చెబితే నేనే కొలుస్తాను.

#2 పలాస టాక్సీ

మాష్టారూ, ఇంత ఆలోచన దేనికండీ. బ్యాటరీ నుంచి డైరెక్టుగా వైరు లాగీసి, స్టీరింగు కింద ఒక స్విచ్చి పెట్టించీయండి. ఊళ్లోకి వచ్చినప్పుడు వేసుకోడం, హైవే ఎక్కాక తీసీడం. నా బండికి అలగే ఉంది. ఇచ్ఛాపురం నుంచి వైజాగు దాకా తిప్పుతున్నాను, ఏటీ అవలేదు.

#3 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

మాష్టారు గారూ, మోటారు అప్పుడే కొనీకండి.

మీరు చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్ని చల్లార్చుతాది, అప్పుడు ఫ్యానుతో పని తక్కువ. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతోందంటే కూలెంటు, వాటర్ పంపు, థర్మోస్టాటు చాలావరకు బాగున్నట్టే. హైవే మీద కూడా వేడెక్కితే అప్పుడు అటు సూడాలి. మీది ఫ్యానూ, దాని కరెంటు దారీ. అంతవరకు గ్యారేజీ వాళ్లు సరైన చోటికే వచ్చారు.

ఆ దారి ఇలగుంటాది. బ్యాటరీ ప్లస్ నుంచి పెద్ద ఫ్యూజుకి (30 గానీ 40 గానీ ఆంపియర్లు ఉంటాది), అక్కడి నుంచి రిలే 30వ నెంబరు కాలికి, రిలే పట్టుకుంటే 87వ నెంబరు కాలి నుంచి బయటికి, అక్కడి నుంచి మోటారుకి, మోటారు నుంచి ఎర్తుకి, అంటే బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి. రిలేని పట్టించేది 85, 86 కాళ్ల మధ్య ఉన్న చిన్న కాయిలు. దానికి ఒక పక్క ఇగ్నిషన్ సప్లై వస్తాది, రెండో పక్క ఈసీయూ (ఇంజనుని నడిపించే కంప్యూటరు) ఎర్తు ఇస్తాది. నీళ్లు 95, 100 డిగ్రీల దగ్గరకి వచ్చాయని సెన్సారు చెప్పినా, ఏసీ వేసినా ఈసీయూ ఆ ఎర్తు ఇవ్వాలి. రెండు స్పీడుల ఫ్యాను అయితే రిలేలు ఎక్కువ ఉంటాయి, గానీ లెక్క ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. కప్లరు ఊడదీసి చూసిన 12.4ని నమ్మకండి. మీ మీటరు లోపల రెసిస్టెన్సు మెగాఓముల్లో ఉంటాది. అది లాగే కరెంటు లేనట్టే లెక్క. దారిలో వైరు పుచ్చిపోయి ఒక్క పోగు మిగిలినా, ఆ పోగు మీదుగా మీటరుకి నిండు వోల్టేజి వచ్చీస్తాది. మోటారు తగిలించి పది ఆంపియర్లు లాగితే గానీ ఆ పోగు బండారం బయటపడదు. లోడు లేకుండా కొలిచిన వోల్టేజి ఫ్యాను సర్క్యూట్లో సాక్ష్యం కాదు. ఎంతమంది మోటార్లు ఇలాగే మార్చీసారో నా కొట్లో మూల పడున్న మంచి మోటార్లను చూస్తే తెలుస్తాది.

రెండు పనులు చెయ్యండి. మొదటిది: కప్లరు తీసి, మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లస్ వైపు 20 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టాలి. హోరున తిరిగితే మోటారు బాగున్నట్టే. తడితే గానీ కదలకపోతే కార్బన్లు (మోటారు లోపలి బ్రష్షులు) అరిగినట్టు. చేత్తో తిప్పితే బరువుగా ఉన్నా, గరగరమన్నా బుష్షు (ఇరుసు తిరిగే ఉంగరం) పోయినట్టు.

రెండోది: కప్లరు మళ్లీ పెట్టీసి, ఫ్యాను తిరగాల్సిన స్థితిలో ఉంచి, కప్లరు వెనక నుంచి సన్నపు సూది దూర్చి కొలవండి. ఫ్యానుని రప్పించడానికి ఇంజను కాగనక్కర్లేదు. చాలా బళ్లలో టెంపరేచరు సెన్సారు కప్లరు తీసీసి తాళం ఆన్‌లో పెడితే ఈసీయూ భయపడి ఫ్యాను వేసీస్తాది.

#4 ఎచ్చెర్ల ఇంజినీరు

బాబాయ్ గారు చెప్పిందానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే ఇది చదివి ఇంకెవరో చేతులు పెడతారు.

కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను తనంతట తాను మొదలవుతుంది. రెక్కల దగ్గర చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. చున్నీ, కండువా, వదులు చొక్కా చెయ్యి, గాజులు ఏవీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. వేడి ఇంజను మీద రేడియేటరు మూత ఎట్టిపరిస్థితుల్లోనూ తిప్పకండి. లోపల ప్రెషరు ఉండబట్టే నీళ్లు 100 దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో అవి మరిగి మొహం మీదికి లేస్తాయి.

ఇంకోటి. నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చే పరీక్ష రెండు లావు వైర్లున్న మామూలు మోటారుకే. ఫ్యాను దగ్గరే కంట్రోల్ మాడ్యూలు ఉండి, లావు వైర్లతో పాటు సన్న సిగ్నల్ వైరు కూడా వస్తుంటే ఆ పరీక్ష చెయ్యొద్దు. మాడ్యూలు కాలిపోవచ్చు.

#5 బొబ్బిలి పాలిటెక్నిక్

స్కానరు పెడితే తెలిసిపోదా అండీ? నా దగ్గర కారు కంప్యూటర్లోని తప్పుల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ పరికరం ఉంది. ఫ్యాను సర్క్యూట్‌కి పి0480 అని కోడ్ ఉంటుందని మా ల్యాబ్‌లో చెప్పారు.

#6 ఎచ్చెర్ల ఇంజినీరు

తమ్ముడూ, పనికొస్తుంది, కానీ అది ఏం చూస్తోందో తెలిసి వాడాలి. చాలా చిన్న కార్లలో పి0480 అంటే రిలే కాయిలు వైపు ఉన్న కంట్రోల్ సర్క్యూట్‌లో తేడా అని. కాయిలు తెగినా, ఈసీయూ నుంచి కాయిలుకి పోయే వైరు తెగినా ఆ కోడ్ వస్తుంది. 30, 87 కాళ్ల వైపు, అంటే లావు వైర్ల వైపు ఏం జరిగినా ఈసీయూకి తెలియదు. ఫ్యాను నిజంగా తిరిగిందో లేదో చూసే కన్ను దానికి లేదు. అందుకే ఫ్యాను చచ్చి పడున్నా కోడ్ ఒక్కటీ లేకుండా ఉండొచ్చు.

స్కానరుతో అసలు ప్రయోజనం లైవ్ డేటా. కూలెంటు టెంపరేచరు ఎంతుందో చూడాలి, దాంతోపాటు ఈసీయూ ఫ్యానుకి ఆజ్ఞ ఇచ్చిందా లేదా అని కూడా. 103 డిగ్రీలు చూపిస్తూ, ఫ్యాను ఆన్ అని చూపిస్తూ, ఫ్యాను నిలబడి ఉంటే సెన్సారు మీద, ఈసీయూ మీద అనుమానం తీసేయొచ్చు. మాష్టారి సెన్సారు మార్చే ముందు ఈ ఒక్క చూపు చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. సెన్సారునే అనుమానించాలంటే ఓమ్ మీటరు చాలు. చాలా కార్లలో చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టుపక్కల ఉంటుంది. వేడెక్కేకొద్దీ సాఫీగా తగ్గాలి.

#7 సాలూరు లారీ

కార్ల సంగతి నాకు తెల్దు గానీ, మా పాత లారీలకి ఈ బెడద లేదు. మావి ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యాన్లు. మధ్యలో విస్కస్ క్లచ్ ఉంటాది. రేడియేటరు నుంచి వచ్చే గాలి వేడెక్కితే ముందున్న స్ప్రింగు కదిలి, లోపలి సిలికాన్ ఆయిలు క్లచ్చిని పట్టిస్తాది. సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద అది పట్టుకున్న హోరు కేబిన్లోకి వినిపిస్తాది. ఆ హోరు రాలేదంటే ఆపీడమే. మాష్టారూ, మీరు గూడా ఎర్ర లైటు వచ్చాక ఇంకొంచెం పోదాం అనుకోకండి. అల్యూమినియం హెడ్డు వంకరపోతే ఫ్యాను ఖర్చు చిల్లర లెక్క.

#8 రాజాం లెక్కల మాష్టారు

అందరికీ ధన్యవాదాలు. నాది రెండు వైర్ల మోటారే. ఈ సాయంత్రం ఫ్యూజు పెట్టిన వైరుతో నేరుగా ఇచ్చి చూశాను. హోరున తిరిగింది. చేత్తో తిప్పినా తేలిగ్గా, చప్పుడు లేకుండా ఉంది. ఇంతకుముందు ఇంత బలంగా తిరగడం నేను చూడలేదు.

#9 పలాస టాక్సీ

మరేటి, నేను చెప్పింది అదే గదా. డైరెక్టుగా ఇస్తే బాగా తిరుగుతోంది. ఆ వైరుకే స్విచ్చి పెట్టీయండి, అయిపోద్ది.

#10 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

తమ్ముడూ, నీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. రాత్రి పూట సోంపేట దగ్గర ప్యాసింజర్లతో నిలబడిపోతే ఫ్యూజు పెట్టిన వైరుతో ఫ్యాను తిప్పుకుని ఇల్లు చేరడం తప్పు కాదు, నేనూ అదే చేయిస్తాను. తెల్లారాక ఆ వైరు తీసీయాలి. అది ఉండిపోతేనే ప్రమాదం.

ఎందుకంటే, స్విచ్చి పెట్టిన బళ్లు నా దగ్గరకి ఎలా వస్తాయో నేను రోజూ చూస్తున్నాను. పదకొండు పన్నెండు ఆంపియర్లు డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా పోతే స్విచ్చి వెనక లగ్గులు నల్లబడి ప్లాస్టిక్కు కరుగుతాది. ఫైర్‌వాల్ (ఇంజనుకీ కేబిన్‌కీ మధ్య రేకు) రంధ్రంలో రబ్బరు లేకుండా లాగిన వైరు ఒరుసుకుని బాడీకి తగులుతాది. ఫ్యూజు లేకపోతే అక్కడే మంట. స్విచ్చి తీయడం మర్చిపోయి ఇంటికెళ్తే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు గంటల్లో ఖాళీ. వేయడం మర్చిపోతే ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్టు పోతాది. బండి ఇంట్లో ఇంకొకరు తోలితే వాళ్లకి ఆ స్విచ్చి ఉన్నట్టే తెలియదు. ఇన్నీ పక్కన పెట్టినా, పాత తప్పు అలాగే ఉండిపోయింది గదా. ఎక్కడో ఒక కీలు వేడెక్కుతోంది. అది ఫ్యాను దారిలోనే ఉందో, ఫ్యూజు బాక్సులో పక్కనున్న వైర్లని కూడా కాలుస్తోందో ఎవరికి తెలుసు? తప్పు దొరక్కుండా దారి మళ్లించడం నాకు నచ్చదు.

మాష్టారూ, మోటారు బాగుంది, సంతోషం. ఇప్పుడు రెండో పరీక్ష. ఫ్యాను ఆన్‌లో ఉంచి నాలుగు కొలతలు తీయండి. మీటరు డీసీ 20 వోల్టుల మీద.
బ్యాటరీ ప్లస్ నుంచి బ్యాటరీ మైనస్.
మోటారు కప్లరులో ప్లస్ నుంచి మైనస్.
బ్యాటరీ ప్లస్ కొమ్ము నుంచి మోటారు ప్లస్.
మోటారు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ కొమ్ము.

చివరి రెండూ దారిలో ఎంత పోతోందో చెప్తాయి. ప్లస్ దారిలో అర వోల్టు దాటకూడదు, ఎర్తు దారిలో 0.2 దాటకూడదు. ఎటు ఎక్కువ పోతే తప్పు అటే.

#11 కళింగపట్నం గాలి

నేను పందెం వేస్తాను, ఎర్తే. మా సముద్రం గాలికి ఏ బండి ఎర్తు బోల్టు విప్పినా పచ్చటి చిలుమే. నాకు ఇదే తంటా వస్తే హెడ్‌లైటు కింద బాడీకి బిగించిన ఎర్తు లగ్గు విప్పి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించాక పైన వ్యాసలీను రాశాను. ముందు రాసి తర్వాత బిగించడం కాదు, బిగించాకే రాయాలి. అప్పటినుంచి ఫ్యాను మళ్లీ మొండికేయలేదు.

#12 గంటస్తంభం

విజయనగరం నుంచి. మాష్టారి చర్చలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నాది సరిగ్గా ఉల్టా. ఫ్యాను ఆగట్లేదు. తాళం తీసి జేబులో వేసుకున్నా తిరుగుతూనే ఉంది. రాత్రి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పడుకోవాల్సి వస్తోంది. మయూరి జంక్షన్ దగ్గర ఒకాయన ఈసీయూ పోయిందన్నాడు. గుండె ఆగినంత పనైంది.

#13 మోడరేటరు

ఒకే సర్క్యూట్ కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాను. దయచేసి ఎవరి కారు సంగతో ప్రతి పోస్టులో చెప్పండి.

#14 ఎచ్చెర్ల ఇంజినీరు

గంటస్తంభం గారూ, ఈసీయూ జోలికి వెళ్లకముందు ఫ్యాను రిలే పీకండి.

రిలే పీకగానే ఫ్యాను ఆగిపోతే, దాన్ని తాళం లేకుండానే మళ్లీ పెట్టి చూడండి. వెంటనే తిరిగితే, ఆ స్థితిలో 85, 86 కాళ్ల మధ్య వోల్టేజి కొలవండి. అక్కడ ఏమీ లేకపోతే ఎవరూ ఆజ్ఞ ఇవ్వడం లేదు, రిలే లోపలి పాయింట్లే అతుక్కుపోయాయి. రిలే మార్చితే పని అయిపోతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో నడిచే కరెంటుకి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ నిప్పురవ్వకే పాయింట్లు అతుక్కుంటాయి. కాయిలు మీద 12 వోల్టులు ఉంటేనే ఈసీయూ వైపో, దాని వైరు బాడీకి తగిలిన చోటో వెతకాలి. రిలే పీకినా ఫ్యాను ఆగకపోతే ఎవరో పక్క నుంచి వైరు లాగి ఉంటారు.

తాళం ఆన్‌లో ఉన్నంతసేపే ఆగకుండా తిరిగే ఫ్యాను వేరు. అప్పుడు సెన్సారు కప్లరు చూడాలి. సెన్సారు తెగితే ఈసీయూకి మైనస్ నలభై డిగ్రీల లాంటి అసాధ్యమైన విలువ కనిపిస్తుంది. ఇంజనుని కాపాడటానికి ఫ్యాను వేసి ఉంచుతుంది. పి0118 కోడ్ కూడా వస్తుంది.

#15 రాజాం లెక్కల మాష్టారు

కొలతలు తీశాను. సెన్సారు కప్లరు తీసి, తాళం ఆన్, ఇంజను ఆఫ్. ఫ్యాను నీరసంగా తిరుగుతోంది, అదే నాకు కావాల్సిన స్థితి.

బ్యాటరీ దగ్గర 12.1. మోటారు కప్లరు దగ్గర 7.0. ప్లస్ దారిలో 4.9. ఎర్తు దారిలో 0.2.

7.0, 4.9, 0.2 కలిపితే 12.1. ఒక్క పదో వంతు కూడా తప్పిపోలేదు. పిల్లలకి ఇది బోర్డు మీద చెప్పడం వేరు, బానెట్ కింద కళ్లారా చూడటం వేరు. చాలా ఆనందం వేసింది.

అంటే కళింగపట్నం వారు ఏమీ అనుకోకూడదు, ఎర్తు నిర్దోషి. తప్పు ప్లస్ దారిలో ఉంది.

#16 కళింగపట్నం గాలి

ఏమీ అనుకోను మాష్టారూ. ఎర్తు 0.2 అంటే హద్దు మీదే ఉంది. పనిలో పనిగా ఆ బోల్టు కూడా ఒకసారి శుభ్రం చెయ్యండి.

#17 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

సభాష్ మాష్టారూ! ఇప్పుడు ఆ 4.9ని ముక్కలు చెయ్యాలి. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద ఉంచీసి, నల్ల ప్రోబుతో ఒక్కో మజిలీ దగ్గర ఆగుకుంటూ రండి. ఫ్యూజు అవతలి పక్క, రిలే 30 కాలు, రిలే 87 కాలు, మోటారు. ఎక్కడ అంకె గెంతుతాదో అక్కడే దొంగ.

రిలే కాళ్లు కనపడాలంటే రిలేని ఒక పిసరు పైకి లేపి, సన్న సూది తగిలించాలి. మరీ లేపీకండి, పట్టు వదిలితే కొలత మారిపోద్ది. ఓమ్ మీటరు పెట్టి చూద్దామని మాత్రం అనుకోకండి. ఇలాంటి చోట ఒక ఓము తేడానే బండిని ఆపీస్తాది, ఆ ఒక్క ఓముని మన మీటరు ప్రోబుల తేడాలోనే మింగీస్తాది.

#18 బొబ్బిలి పాలిటెక్నిక్

బాబాయ్, రిలే మార్చినప్పుడు ఆ పూట బాగుపడిందని మాష్టారు మొదట్లోనే రాశారు కదా. అయితే రిలే పాడైనట్టు కాదా?

#19 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

మంచి ప్రశ్న. రెండు అర్థాలున్నాయి. రిలే లోపల పాయింట్లు కాలి ఉండొచ్చు, లేదా రిలే కూర్చునే సాకెట్లో ఆడ టెర్మినల్ వదులై ఉండొచ్చు. కొత్త రిలే గుచ్చినప్పుడు కాళ్లు గీసుకుని కొత్త పట్టు దొరుకుతాది, అది వేడికి మళ్లీ వదిలీస్తాది. రిలే పాయింట్లే అయితే కొత్త రిలేతో నెలలు గడవాలి, ఒక్క పూటలో రాదు. అందుకే నాకు సాకెట్ మీద అనుమానం. కొలత వచ్చాక మాట్లాడదాం.

#20 రాజాం లెక్కల మాష్టారు

దొరికింది!

ఫ్యూజు అవతల 0.1. రిలే 30 కాలి దగ్గర 4.5. రిలే 87 కాలి దగ్గర 4.6. మోటారు దగ్గర 4.9.

అంటే ఫ్యూజు నుంచి రిలే 30 కాలి మధ్యలోనే 4.4 వోల్టులు పోతున్నాయి. మిగతా దారంతా కలిపి అర వోల్టు. బ్యాటరీ ఊడదీసి, రిలే పీకి టార్చి వేసి చూశాను. నాలుగు రంధ్రాల్లో మూడు తెల్లగా ఉన్నాయి, 30వ నెంబరు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగింది. రిలే 30 కాలు కూడా నీలంగా, నల్లగా మాడి ఉంది. ఇంకో సంగతి, ఆ రంధ్రంలో టెర్మినల్ పక్కనే రాగి పోగులు నాలుగైదు కనిపిస్తున్నాయి. అవి కంపెనీ వైరువి కావు. ఎర్ర రంగు సన్న వైరు ఒకటి అక్కడి నుంచి బంపరు వైపు పోతోంది.

#21 బొబ్బిలి పాలిటెక్నిక్

లెక్క వేశాను. 7 వోల్టుల దగ్గర మోటారు సుమారు 5 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 4.4 ఇంటూ 5 అంటే 22 వాట్లు. మా ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అంత వేడి ఆ చిన్న రంధ్రంలో పుడుతోందన్నమాట!

#22 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

తమ్ముడూ, సరిగ్గా పట్టుకున్నావు. ప్లాస్టిక్కు ఎందుకు మాడిందో వేరే చెప్పనక్కర్లేదు.

మాష్టారూ, ఆ ఎర్ర వైరు ఫాగ్ ల్యాంపులదో, హారన్‌దో అయ్యుంటాది. అమర్చినవాళ్లు బ్యాటరీ దాకా వైరు లాగే ఓపిక లేక, రిలే పీకి, పోగులు 30వ రంధ్రంలో దోపి, మీద రిలే కొట్టీసారు. ఆ పోగుల లావుకి ఆడ టెర్మినల్ నోరు తెరుచుకుపోయింది. అప్పటినుంచి రిలే కాలికి గట్టి పట్టు లేదు. పట్టు లేని చోట వేడి, వేడికి ఇంకా వదులు, ఇంకా వేడి. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు, నెమ్మదిగా పెరుగుతాది. అందుకే ఫ్యాను ఒక్కోసారి తిరిగి, ఒక్కోసారి తిరగక ఏడిపించింది.

బాగుచేయడం ఎలాగంటే, ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఫ్యూజు బాక్సు తలకిందులు చేసి, ఆ టెర్మినల్ నాలుకని సన్న స్క్రూడ్రైవరుతో నొక్కి కిందికి లాగాలి. మాడిన వైరు మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, అదే సైజు కొత్త టెర్మినల్ క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. పాతదాన్ని ముక్కు పటకారుతో బిగించి పంపీడం పనికిరాదు, మాడిన టెర్మినల్‌కి స్ప్రింగు గుణం పోతాది. సోల్డరు చేసి వదలడం కూడా నాకిష్టం లేదు, సోల్డరు ఆగిన చోట వైరు బిరుసై, బండి అదురుకి అక్కడే తెగుతాది. రంధ్రం కరిగిపోయి టెర్మినల్ నిలబడకపోతే బాక్సు మొత్తం కొనక్కర్లేదు. బయట ఒక రిలే హోల్డరు బిగించి, ఆ నాలుగు వైర్లూ అందులోకి తెచ్చుకోవచ్చు. రిలే కొత్తది వేయండి, మాడిన కాలు కొత్త టెర్మినల్‌ని కూడా పాడుచేస్తాది.

చివరగా ఒక పని మిగిలింది, దాన్ని వదిలీకండి. ఫ్యాను నిండు బలంతో తిరుగుతున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో క్లాంపు మీటరుతో (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) చూడాలి. మోటారే ఎక్కువ లాగి టెర్మినల్‌ని కాల్చిందా అనే అనుమానం తీరాలి గదా. డీసీ కొలిచే క్లాంపు కావాలి. ఇళ్ల వైరింగు వాళ్ల దగ్గర ఉండేవి చాలావరకు ఏసీయే కొలుస్తాయి, ఫ్యాను వైరుకి పెడితే సున్నా చూపిస్తాయి.

#23 పలాస టాక్సీ

నా బండి ఫ్యూజు బాక్సు ఇప్పుడే మూత తీసి సూసాను. ఫ్యాను రిలే దగ్గర గోధుమరంగు నాకూ ఉంది గురువు గారూ. ఆదివారం నరసన్నపేట వస్తాను. స్విచ్చి సంగతి అక్కడే తేల్చండి.

#24 ఎచ్చెర్ల ఇంజినీరు

మాష్టారూ, ఆ ఎర్ర వైరుని కూడా అలా వదిలేయకండి. 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండంటే తొమ్మిది ఆంపియర్ల పైనే. దానికి బ్యాటరీ ప్లస్ నుంచి సొంత వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, సొంత రిలే. ఫ్యాను దారిలో ఇంకెవరూ భాగం అడక్కూడదు.

#25 రాజాం లెక్కల మాష్టారు

అవి ఫాగ్ ల్యాంపులే. కారు కొన్న కొత్తలో ఒక యాక్సెసరీల కొట్లో వేయించాం. ఎప్పుడూ చక్కగా వెలుగుతూ వచ్చాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

రంధ్రం పూర్తిగా కరగలేదు. కొత్త టెర్మినల్, కొత్త రిలే వేశాం. మళ్లీ అవే కొలతలు: ప్లస్ దారిలో మొత్తం 0.4, ఎర్తు బోల్టు శుభ్రం చేశాక 0.1. మోటారు దగ్గర 11.5. డీసీ క్లాంపు మా ఊళ్లో సోలారు పని చేసే కుర్రాడి దగ్గర దొరికింది. నిలకడగా 11 ఆంపియర్లు.

మా నాన్నగారిని అరసవల్లి తీసుకెళ్లాను. గుడి వీధిలో ఇంజను ఆపకుండా, ఏసీ వేసి నిలబడ్డాను. లైటు రాలేదు. ఫ్యాను వస్తోంది, పని చూసుకుని ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఖర్చు టెర్మినల్, రిలే, మజూరీ మాత్రమే. నరసన్నపేట బాబాయ్ గారికీ, ఎచ్చెర్ల చెల్లికీ, బొబ్బిలి తమ్ముడికీ ఎంతో రుణపడి ఉన్నాను.

#26 గంటస్తంభం

నాది కూడా తేలింది. రిలే పీకగానే ఫ్యాను ఆగింది. తాళం లేకుండా మళ్లీ పెడితే తిరిగింది, 85, 86 మధ్య వోల్టేజి సున్నా. చెల్లెమ్మ చెప్పినట్టు పాయింట్లు అతుక్కున్నట్టే. పక్కనున్న హారన్ రిలే అదే నెంబరుది, దాన్ని పెట్టి చూస్తే ఫ్యాను తాళంతో పాటే ఆగుతోంది. ఒక్క సందేహం: బజారులో అదే ఆకారంలో తక్కువ ధరకి 20 ఆంపియర్ల రిలే ఇస్తున్నారు. పాత దాని మీద 40 అని ఉంది. వేయొచ్చా?

#27 నరసన్నపేట ఆటో ఎలక్ట్రికల్

వద్దు. 40దే వేయండి. కాళ్ల వెడల్పు, పక్కనున్న బొమ్మలో కాళ్ల వరుస పాతదానితో సరిపోల్చి కొనండి, ఒకే ఆకారంలో 30, 86 తారుమారైనవి దొరుకుతాయి. హారన్ రిలే దాని చోట దానికి పెట్టీయండి. వేసే ముందు ఫ్యాను రెక్కలు చేత్తో తిప్పి సూడండి. బరువుగా ఉంటే మోటారు ఎక్కువ లాగుతున్నట్టే, ఆ సంగతి తేల్చకుండా కొత్త రిలే వేస్తే అది కూడా అతుక్కుంటాది.